కాకినాడ చుట్టుపక్కల తేలికపాటి నడకలు: మడ అడవా, సముద్రపు ఒడ్డా, కొండ మెట్లా?

కాకినాడ నేల బల్లపరుపు. ఊళ్లో ఎటు నడిచినా కాలికి ఎత్తు తగలదు. గుట్ట ఎక్కాలంటే పెద్దాపురం దాకా, మెట్ల కొండ కావాలంటే అన్నవరం దాకా వెళ్లాలి. అందుకే చాలామంది ‘ఇక్కడ నడవడానికేముంది’ అనుకుని ఆదివారం పొద్దున్నే మారేడుమిల్లి వైపు కారు తిప్పేస్తారు. రానూపోనూ రోజంతా కారులోనే గడిచిపోతుంది, నడిచేది గంట. ఇక్కడ చూస్తే ఇరవై కిలోమీటర్ల లోపే మడ అడవి ఉంది, సరుగుడు తోటల పక్కన సముద్రపు ఒడ్డు ఉంది, కాలవగట్లున్నాయి, గుహలున్న గుట్ట ఉంది. దేనికెప్పుడు వెళ్లాలో తెలియక తప్పు వేళకి వెళ్లి, ఎండకి వాడిపోయి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ.

చదును నేల మీద నడక తేలికో కష్టమో మూడు సంగతులను బట్టి తేలుతుంది. ఒకటి నీడ. రెండు కాలికింద నేల: తడి ఇసుకా, పొడి ఇసుకా, చెక్కా, రాయా అన్నది. మూడోది పోటు–పాటు, అంటే సముద్రపు నీరు ఏ వేళకి ఎక్కుతుందో ఏ వేళకి దిగుతుందో. ఎన్ని కిలోమీటర్లన్న లెక్క వీటి తర్వాతే. పొడి ఇసుకలో కిలోమీటరు నడిస్తే గట్టి నేల మీద రెండు కిలోమీటర్లు నడిచినంత శ్రమ. కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ముప్పై మూడు డిగ్రీలే కదా అని మధ్యాహ్నం పదకొండుకి బయల్దేరినవాళ్లు అరగంటకే కూలబడేది ఇందువల్లే.

కోరంగి మడ అడవి

ఒక్కచోటికే వెళ్లే వీలుంటే కోరంగికే వెళ్లండి. మిగతావన్నీ ఏదో ఒక రూపంలో ఇంకో ఊళ్లోనూ దొరుకుతాయి, ఇది దొరకదు. యానాం రోడ్డు మీద చొల్లంగి దాటాక అటవీశాఖ వాళ్ల ప్రవేశద్వారం వస్తుంది. టికెట్ తీసుకుని లోపలికి వెళితే మడ చెట్ల మధ్యలోంచి ఏటి వైపు సాగే చెక్కల వంతెన ఉంటుంది. ఎక్కడానికీ దిగడానికీ ఏమీ లేదు. దారి పొడుగునా చాలాచోట్ల ఆకుల నీడే. ఆగి చూస్తూ నడిస్తే గంటన్నర పడుతుంది, చూడకుండా నడిస్తే ఇరవై నిమిషాల్లో అయిపోయి ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ‘ఇంతేనా’ అని వెనక్కొచ్చేవాళ్లు ఎక్కువగా పోటు వేళకి వెళ్లినవాళ్లు. అప్పుడు చెట్ల మొదళ్ల దాకా నీళ్లుంటాయి, చూడాల్సిందంతా ఆ నీళ్ల కింద ఉంటుంది.

పాటు వేళకి బురద బయటపడుతుంది. అడవి బతుకంతా ఆ బురదలోనే. ఒక డెక్క పెద్దగా, రెండోది చిన్నగా ఉండే ఎర్ర పీతలు వందల కొద్దీ బొరియల్లోంచి బయటికొచ్చి డెక్క ఊపుతాయి. ఊపేవి మగవి. నీళ్లొదిలి బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. అడుగుల చప్పుడుకి అన్నీ ఒక్కసారిగా లోపలికి దూరిపోతాయి. రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే మళ్లీ వస్తాయి. పిల్లలతో వెళ్లినప్పుడు ముందే ఈ మాట చెప్పి నిలబెట్టండి, వాళ్లు పెద్దవాళ్లకన్నా ఓపిగ్గా చూస్తారు.

ఏ వేళకి వెళ్లాలో పంచాంగం చెబుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కాకినాడ తీరాన ఉదయం తొమ్మిది ప్రాంతంలో పోటు ఉంటుంది, ఆరు గంటల తర్వాత, అంటే మధ్యాహ్నం మూడు ప్రాంతంలో పాటు. ఏటి లోపల ఇది ఇంకాస్త ఆలస్యంగా జరుగుతుంది. రోజుకి సుమారు యాభై నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతూ వారానికి తలకిందులవుతుంది: అష్టమి రోజుల్లో ఉదయం తొమ్మిదికి పాటు, మధ్యాహ్నం మూడుకి పోటు. అయితే అష్టమి పోటూ చిన్నదే, పాటూ చిన్నదే. నీరు పెద్దగా ఎక్కదు, పెద్దగా దిగదు. బురద బాగా బయటపడాలంటే అమావాస్య, పౌర్ణమి, ఆ తర్వాతి పాడ్యమి, విదియలే మంచివి, అదీ మధ్యాహ్నం మూడు తర్వాత. ఎండ తగ్గే వేళా అదే. అడవిని చీకటి పడకముందే మూసేస్తారు కాబట్టి మూడున్నరకల్లా లోపల ఉండేలా చూసుకోండి. ఇది ఉజ్జాయింపు లెక్క. ఆ రోజు సరైన సమయం ఫోన్లో కాకినాడ పోటు వేళల పట్టిక చూస్తే తెలిసిపోతుంది.

పడవ ఎక్కాలనుకునేవాళ్లకి లెక్క తిరగబడుతుంది. పాటు వేళ ఏరు ఎండి పడవ తీయరు, లేదా కొద్ది దూరమే తిప్పి తీసుకొచ్చేస్తారు. పడవ ముఖ్యమైతే పోటుకి, పీతలూ చెట్ల వేళ్లూ ముఖ్యమైతే పాటుకి. రెండూ కావాలంటే అమావాస్య నాడు పదింటికి పడవ ఎక్కి, భోజనం కానిచ్చి, మూడింటికి మళ్లీ వంతెన మీదికి రావడమొకటే దారి. చంటిపిల్లలుంటే అంత పెట్టుకోకండి.

చెట్లని గుర్తుపట్టడం నేర్చుకుంటే నడక విలువ పెరుగుతుంది. బురదలోంచి పెన్సిళ్లు పాతినట్టు పైకి పొడుచుకొచ్చినవి మడ చెట్టు ఊపిరి వేళ్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేరు పైకొచ్చి గాలి పీలుస్తుంది. వాటి ఆకుల మీద వెలుతురు పడినప్పుడు తెల్లటి పొడిలా మెరిసేది ఉప్పు. వేరు తాగిన ఉప్పుని ఆకు బయటికి నెట్టేస్తుంది. గొడుగు ఊచల్లా చుట్టూ వేళ్లు దించి నిలబడేది ఉప్పు పొన్న. దాని విత్తనం కాయ చెట్టుకి వేలాడుతుండగానే మొలకెత్తి, పొడుగాటి కర్రలా పెరిగి, అప్పుడు బురదలో పడుతుంది. ఇక ఆకులు రాలేముందు ఎర్రగా, నారింజ రంగుగా మారే చెట్టు తిల్ల. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ దాని పాలు కంట్లో పడితే భగ్గున మండి కొంతసేపు చూపు ఆనదు, ఒంటికి తగిలితే బొబ్బలొస్తాయి. వంతెన పక్కన ఆకు తెంపే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఒక్క కారణానికైనా మానుకోవాలి. పొరపాటున తగిలితే చేయి కంటికి పోకముందే సబ్బుతో కడగాలి. కంట్లో పడితే కనీసం పావుగంట మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు మూడు రకాలే. వానాకాలంలో చెక్కల మీద పాచి పట్టి, నున్నటి అడుగున్న చెప్పులు జారతాయి. గాడులున్న రబ్బరు అడుగు బూట్లు వేసుకోవాలి. చెక్కల మధ్య సందుల్లో సన్నటి మడమ, చక్రాల బండి ముందు చక్రం, ఊతకర్ర కొన దిగబడతాయి. ఊతకర్రకి వెడల్పాటి రబ్బరు తొడుగు వేయించండి, చంటిపిల్లని బండిలో కాకుండా ఎత్తుకోండి. వాడిన వంతెన కాబట్టి కుంగినట్టున్న చెక్క కనబడితే మధ్యలో కాలు వేయకుండా కింద దూలం ఉన్నచోట అడుగు వేయాలి. మేకుల వరస ఎక్కడుందో అక్కడే దూలం ఉంటుంది. దోమలు సాయంత్రం నాలుగున్నర నుంచి మొదలవుతాయి. పూర్తి చేతుల చొక్కా లేకపోతే చివరి అరగంట అస్సలు నిలవనివ్వవు.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాట. మనం నడిచేది దాని అంచున చిన్న ముక్క. బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడే బతుకుతాయి గానీ వంతెన మీదనుంచి కనిపించడం అరుదు, పిల్లలకి ఆశ పెట్టి తీసుకెళ్లకండి. పిట్టలు మాత్రం ఖాయం. లకుముకి పిట్టలు, రకరకాల కొంగలు ఏడాదంతా ఉంటాయి, చలికాలంలో వలస పక్షులు తోడవుతాయి. పక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు పట్టణం. 1839 నాటి తుపాను ఉప్పెనలో తుడిచిపెట్టుకుపోయింది. మడ అడవి ఎందుకు ఉండాలో అక్కడ నిలబడితే వేరే చెప్పనక్కర్లేదు.

చొల్లంగి అమావాస్య, అంటే పుష్య బహుళ అమావాస్య నాడు మాత్రం ఆ వైపు పోకండి. స్నానాలకి వచ్చే జనంతో యానాం రోడ్డు కదలదు. కార్తీక ఆదివారాల్లో వనభోజనాల గుంపులు దిగుతాయి, పీతలు కాదు కదా దోమలు కూడా బయటికి రావు. అదే వారం మంగళవారమో బుధవారమో వెళితే వంతెన మీద మీరొక్కరే ఉంటారు.

సముద్రపు ఒడ్డు: ఎన్టీఆర్ బీచ్ వైపా, ఉప్పాడ వైపా?

రెండూ ఒకే తీరం మీదివే అయినా నడకకి ఒకటి కాదు. కాకినాడ ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ అడ్డంగా పడుకుని ఉంది. గోదావరి తెచ్చిన ఇసుక రెండొందల ఏళ్లలో మేట వేసి, సుమారు పదహారు కిలోమీటర్ల పొడుగున ఏర్పడిన ఇసుక దిబ్బ అది. దాని చాటున ఉన్నంతవరకు అల మెత్తగా ఉంటుంది. ఆ చాటు దాటి ఉత్తరంగా ఉప్పాడ చేరేసరికి బంగాళాఖాతం అల నేరుగా వచ్చి తాకుతుంది, ఒడ్డు కోసుకుపోతుంది. ఉప్పాడలో ఇళ్లూ రోడ్డూ ఏటా సముద్రంలో కలుస్తున్నది ఇందుకే. ఒడ్డు నిలపడానికి వేసిన బండరాళ్ల వరస చాలా దూరం కనిపిస్తుంది.

కాబట్టి నడవడానికి ఎన్టీఆర్ బీచ్, వాకలపూడి వైపు మేలు. ఇసుక వెడల్పుగా ఉంటుంది, పార్కు, కూర్చునే చోటు, తినడానికి ఏదో ఒకటి దగ్గర్లో ఉంటాయి. ఉప్పాడ చూడటానికి మేలు. సముద్రం ఒక ఊరిని ఎలా తినేస్తుందో, జాలర్లు దాని పక్కనే ఎలా బతుకుతున్నారో చూడాలంటే అక్కడికే వెళ్లాలి. వెళ్లినవాళ్లు జాంధానీ నేసే మగ్గాలు కూడా చూసి రావచ్చు. కానీ బండరాళ్ల మీద నడక మాత్రం వద్దు. తడిసిన రాయి మీద నాచు ఉంటుంది, సందులో మడమ ఇరుక్కుంటే ఎముక విరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి పోటుకి గాలి తోడైతే కెరటం రాళ్ల మీంచి రోడ్డు మీదికి దూకుతుంది. స్కూటరు మీద వెళ్లేవాళ్లు పడిపోయేది అప్పుడే. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజుల్లో ఆ రోడ్డు మూసేస్తారు, మూయకపోయినా వెళ్లకూడదు.

ఒడ్డున నడిచే పద్ధతి ఒకటుంది. పాటు వేళ నీరు వెనక్కి తగ్గాక మిగిలే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అడుగు అర అంగుళం కూడా దిగదు. మోకాళ్లకి ఇంతకన్నా మంచి నేల లేదు. అదే పోటుకి వెళితే గట్టి ఇసుకంతా నీళ్ల కింద ఉంటుంది, పైనున్న పొడి ఇసుకలో పిక్కలు లాగేస్తాయి. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒకే దిక్కున చాలాసేపు నడిస్తే కిందివైపు కాలి చీలమండ, నడుము నొప్పెడతాయి. వెళ్లిన దారినే అంతే దూరం తిరిగి వస్తే రెండు కాళ్లకీ సమానమవుతుంది. మొదటిరోజు రెండు కిలోమీటర్లు వెళ్లి రావడం చాలు.

తీరం తూర్పు ముఖం. సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున ఐదున్నరకల్లా ఉండాలి, ఏడు దాటితే ఎండ సూటిగా మొహాన కొడుతుంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత సరుగుడు తోటల నీడ ఇసుక మీదికి సాగుతుంది. చూపుకి తెల్లవారుజాము, ఒంటికి సాయంత్రం. జాలరిపేటల ముందు ఆరబెట్టిన వలల మీద అడుగు వేయకుండా, లాగుతున్న వలతాడు దాటకుండా పక్కనుంచి పోవాలి. వల వాళ్ల బతుకు. నీళ్లలోకి దిగేవాళ్లు మోకాలి లోతు దాటవద్దు. అలలు విరగకుండా మధ్యలో నున్నగా, బురదరంగుగా కనిపించే పట్టీ ప్రశాంతంగా ఉన్నట్టుంటుంది గానీ, నీరు లోపలికి లాగేది అక్కడే.

గుట్టలు: పాండవుల మెట్టా, అన్నవరమా?

ఎత్తు ఎక్కిన తృప్తి కావాలంటే ఈ రెండే దగ్గరివి. పెద్దాపురం పాండవుల మెట్ట కాకినాడకి ఇరవై కిలోమీటర్ల దూరం. మెట్లున్నాయి, మెల్లగా ఎక్కినా ఇరవై నిమిషాల్లో పైకి చేరతారు. రాతిలో తొలిచిన గుహలు, పైన సూర్యనారాయణమూర్తి గుడి ఉన్నాయి. పాండవులు ఇక్కడున్నారనీ, గుహలోంచి రాజమహేంద్రవరం దాకా సొరంగం ఉందనీ ఊళ్లో చెప్పుకుంటారు. పైకెక్కితే చుట్టూ పచ్చటి డెల్టా చాపలా కనబడుతుంది. అంతా చదును కాబట్టి చిన్న గుట్ట మీదనుంచే చాలా దూరం చూపు సాగుతుంది. గుహల్లోకి టార్చి లేకుండా వెళ్లవద్దు, గబ్బిలాలుంటాయి, వానాకాలంలో పాములు చేరతాయి. దుకాణాలు ఏమీ ఉండవనుకునే బయల్దేరండి. తిరుగుదారిలో సామర్లకోట భీమేశ్వరుడి గుడి చూసుకుంటే ఒక పూటకి నిండుగా ఉంటుంది. చాళుక్య భీముడి కాలం నాటి గుడి, లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తుకి లేచి ఉంటుంది, ప్రాకారం చుట్టూ విశాలమైన ఆవరణ ఉంది. పంచారామాల్లో ఒకటి కాబట్టి కార్తీక సోమవారాలు వదిలేయండి.

అన్నవరం రత్నగిరి యాభై కిలోమీటర్లు. కొండ మూడొందల అడుగుల ఎత్తు, మెట్లు సుమారు 460. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఇరవై అయిదు నిమిషాలు, ఆగుతూ ఎక్కేవాళ్లకి ముప్పావుగంట. పాండవుల మెట్ట కన్నా ఇది శ్రమే అయినా, సదుపాయాలు బాగుంటాయి: నీళ్లు, జనం, ఎక్కలేకపోతే బస్సు. ఆయాసం తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. ఎక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉంది. రెండు మాటలకే ఊపిరి ఆగితే ఎక్కువైంది, తగ్గించాలి. మొదటి వంద మెట్లు ఉత్సాహంగా ఎక్కేసినవాళ్లే రెండో వంద మెట్ల దగ్గర కూర్చుండిపోతారు. గుండెనొప్పి చరిత్ర ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు బస్సులోనే వెళ్లాలి.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కన్నా దిగడం చేటు. దిగేటప్పుడు ఒంటి బరువంతా ఒక్క మోకాలి మీద పడి ఆగుతుంది. అందుకని మెట్లెక్కి పైకి వెళ్లి, బస్సులో దిగడం మంచి పద్ధతి. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు, బస్సులో ఎక్కి మెట్లు దిగుతారు, మర్నాడు లేవలేరు. మొక్కు ఉండి చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్లు ఎండాకాలంలో ఎనిమిదింటి లోపే పైకి చేరాలి. పదింటికి రాయి కాలుతుంది, అరికాలు బొబ్బలెక్కుతుంది. ప్రసాదం దిగేటప్పుడు చేతిలో పట్టుకోకండి, సంచిలో పెట్టుకోండి. కోతులు విస్తరాకు వాసన పడితే వదలవు. పై నుంచి పంపా జలాశయం కనిపిస్తుంది, వానల తర్వాత నిండుగా ఉన్నప్పుడు చూడాలి.

రైలు కావాలంటే సామర్లకోట మీదుగా పిఠాపురం, అన్నవరం వరసగా వస్తాయి. కార్తీక పౌర్ణమి నాడు రత్నగిరి చుట్టూ గిరి ప్రదక్షిణ జరుగుతుంది. అది భక్తితో నడిచే నడక, జనసంద్రం. ప్రశాంతంగా కొండ ఎక్కాలనుకునేవాళ్లు ఆ వారం ఆగాలి.

మిగతావి క్లుప్తంగా

బోట్‌క్లబ్ చెరువు చుట్టూ నడక ఊళ్లోవాళ్లకి రోజువారీ పనికొచ్చేది. చదునైన దారి, దీపాలు, తోటి నడిచేవాళ్లు, దగ్గర్లో టిఫిను. ఆపరేషను తర్వాత మళ్లీ నడక మొదలుపెట్టేవాళ్లకి, ఒంటరిగా నడిచే పెద్దవాళ్లకి ఇంతకన్నా భద్రమైనది లేదు, ఎక్కడ అలిసినా ఇంటికి ఆటో దొరుకుతుంది. కోరంగి, అన్నవరాలకి ముందు ఇక్కడ వారం రోజులు రోజుకి అరగంట నడిచి చూసుకోవాలి.

కాలవగట్లని ఎవరూ నడకచోట్లుగా లెక్కపెట్టరు, అన్యాయం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన తూర్పు డెల్టా కాలవల గట్ల మీద కొబ్బరి, తాటి నీడలో మట్టి బాట మైళ్ల కొద్దీ సాగుతుంది. మట్టి కాబట్టి కాలికి హాయి, ఖర్చు లేదు, టికెట్ లేదు. ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు బాగుంటుంది. వాన పడిన మర్నాడు నల్లమట్టి బూటుకి కేజీ అంటుకుంటుంది, అప్పుడు వదిలేయాలి. వేసవిలో కాలవలు కట్టేశాక నీరుండదు, చూడ్డానికి అందం పోతుంది గానీ నీడ ఉంటుంది. కొబ్బరిచెట్టు సరిగ్గా కింద కూర్చోకండి, ముఖ్యంగా గాలి వీచే రోజు.

యానాం గోదావరి ఒడ్డు సాయంత్రానికి బాగుంటుంది. ముప్పై కిలోమీటర్లు, చదును చేసిన కట్ట, కూర్చోడానికి చోటు. కోరంగి చూసి అటునుంచి అటే యానాం వెళ్లి పొద్దుగూకే వేళకి ఏటి ఒడ్డున కూర్చోవడం మంచి జోడీ.

హోప్ ఐలాండ్ వేరే తరహా. అక్కడికి పడవలో వెళ్లాలి, నీడ లేదు, నేలంతా ఇసుక. దీన్ని తేలిక నడక అనకూడదు. అనుమతి ఉన్న పడవలోనే, రక్షణ కోటు తొడుక్కునే వెళ్లాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, గొడుగు, టోపీ తప్పనిసరి. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఆ కాలంలో రాత్రిపూట ఒడ్డున దీపాలు, మంటలు ఉండకూడదు. వెలుతురు చూసి తాబేలు పిల్లలు సముద్రానికి బదులు అటు పాకి చచ్చిపోతాయి.

చరిత్ర ఇష్టమున్నవాళ్లు గొల్లప్రోలు దగ్గరి కొడవలి వెళ్లాలి. శాతవాహనుల చివరి రోజుల రాజు చండశాతి శాసనం ఉన్న దిబ్బ, బౌద్ధ శిథిలాలు అక్కడున్నాయి. నడక కొంచెమే, నీడ అసలే లేదు. చలికాలం ఉదయం ఒక గంటకి సరిపోతుంది. శాసనం అంటే ఏమిటో పట్టనివాళ్లని వెంట తీసుకెళితే పది నిమిషాల్లో తిరుగుదాం అంటారు.

ఎవరు ఎటు వెళ్లాలి?

ఐదేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలుంటే కోరంగి, పాటు వేళకి. అంతకన్నా చిన్నవాళ్లుంటే ఎన్టీఆర్ బీచ్, సాయంత్రం. డెబ్భై దాటిన పెద్దవాళ్లతో అయితే యానాం ఒడ్డు మొదట, కోరంగి తర్వాత. కోరంగిలో కూర్చునే చోట్లు తక్కువ, మడత కుర్చీ పట్టుకెళ్లాలి. మోకాళ్లు బాగున్న యాభై ఏళ్లవాళ్లకి అన్నవరం మెట్లు నెలకోసారి మంచి పరీక్ష: ఈ నెల ఎన్నిసార్లు ఆగారో రాసుకుని వచ్చే నెలతో పోల్చుకోవచ్చు. ఒక్క పూటే ఉండి, కొండా గుడీ రెండూ కావాలనుకునేవాళ్లకి పాండవుల మెట్ట, సామర్లకోట. బయటి ఊరి నుంచి ఒక్కరోజుకి వచ్చినవాళ్లు కోరంగి, యానాం తప్ప ఇంకేమీ నెత్తినేసుకోవద్దు. ఒకే రోజు ఉప్పాడ, అన్నవరం, కోరంగి మూడూ చుట్టాలనుకుంటే దేనిదగ్గరా గంట కూడా నిలవలేరు.

మంచి కాలం కార్తీకం మధ్య నుంచి మాఘం చివరి దాకా. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు వస్తాయి కాబట్టి బయల్దేరేముందు వాతావరణ శాఖ మాట చూసుకోవాలి. తుపాను వెళ్లిపోయాక కూడా వారం రోజులు మడ అడవి, సరుగుడు తోటలు వదిలేయండి. సగం విరిగిన కొమ్మలు గాలి ఆగాక కూడా పడుతుంటాయి. రోహిణి కార్తెలో బోట్‌క్లబ్, కాలవగట్టు తప్ప ఏదీ వద్దు, అవి కూడా ఏడింటి లోపే ముగించాలి.

సంచిలో ఉండాల్సినవి కొన్నే. గంట నడకకి మనిషికి అర లీటరు నీళ్లు, ఎండలో అయితే ముప్పావు లీటరు. చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి ఉత్త నీళ్లే తాగుతూ పోతే తలనొప్పి, కండరాలు పట్టేయడం మొదలవుతాయి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ గానీ, ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలిపింది గానీ ఒక సీసా ఉంచుకోండి. కాజాలు ఇంటికి పట్టుకెళ్లండి, నడుస్తూ తినడానికి వేయించిన పల్లీలో ఉప్మానో మేలు. తీపి తిన్నకొద్దీ దాహం పెరుగుతుంది. నూలు చొక్కా, అంచున్న టోపీ, చిన్న తువ్వాలు, దోమల మందు, పొడి జత మేజోళ్లు ఉంటే చాలు. మడ బురద అంటిన బట్టలు అదే సాయంత్రం మంచినీళ్లలో జాడించాలి. రాత్రంతా ఉంచితే ఆ నల్లటి మరక వదలదు. ఉప్పుగాలికి తిరిగిన సైకిలు గొలుసు, స్కూటరు చక్రాలు కూడా అదే రోజు మంచినీళ్లతో కడిగి, తుడిచి, గొలుసుకి నూనె వేయాలి.

ఎవరికైనా చెమట ఆగిపోయి ఒళ్లు వేడిగా, మాట తడబడుతూ ఉంటే అది ఎండదెబ్బ. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు వేస్తూ విసరాలి. మాట స్పష్టంగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెంటనే 108కి ఫోను చేయాలి. కోరంగి లోపల, ఉప్పాడ దాటాక కొన్నిచోట్ల ఫోను అందదు. లోపలికి వెళ్లేముందే గేటు దగ్గరి సిబ్బందికి ఎంతమంది వెళుతున్నారో, ఎన్నింటికి వస్తారో చెప్పి వెళ్లండి.